అడగడమూ పనితనమే

చేతిలో సరుకుంది, చేసే ఒడుపుంది, కొనేవాళ్లూ అక్కడక్కడా దొరుకుతున్నారు. లేనిదల్లా పెట్టుబడి. నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలనుకునే యువతను ఆపేది చాలాసార్లు ఇదే. డబ్బున్నవాళ్ల ఎదుట కూర్చుని ఏం చెప్పాలి, ఎంత అడగాలి, ఏం చూపాలి? తెలుగువాళ్లు అడిగి సాధించిన పెట్టుబడుల్లోనే జవాబులున్నాయి. అవి ఇక్కడి సరుకుకు ఎలా సరిపోతాయో చూద్దాం.

ఉదయగిరి దుర్గం కింద దిలావర్‌భాయ్ వీధిలో కొన్ని కుటుంబాలు తరతరాలుగా చెక్కతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చేస్తున్నాయి. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి చేసే పని ఇది. చుట్టుపక్కల అడవిలో దొరికే కలపను ముక్కలుగా కోసి, బాడిసతో రూపం తీసి, ఆకురాయితో నున్నగా చేసి, పిడి చివర సన్నని నగిషీ చెక్కుతారు. ఈ చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అంటే ఉదయగిరిలో చేసినవాటినే ఉదయగిరి చెంచాలని అమ్మాలి. ఆ పేరు మీద మరెక్కడో చేసినవి అమ్మితే చట్టం ఒప్పుకోదు.

ఇంత పేరున్న సరుకుతో ఒక యువకుడో యువతో కంపెనీ పెట్టి, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఒక ఇన్వెస్టర్ ఎదుట కూర్చున్నారనుకుందాం. ‘మాది నాలుగు తరాల కళ, కృష్ణదేవరాయలు గెలిచిన కోట మాది, మా చెంచాలంటే ఎంతో పేరు’ అని చెప్పుకుంటూ పోతే ఆయన శ్రద్ధగా వింటాడు, మెచ్చుకుంటాడు, టీ ఇప్పిస్తాడు. చెక్కు మాత్రం రాయడు. ఎందుకంటే ఆయన తెలుసుకోవాలనుకున్నది వేరు. నెలకు ఎన్ని అమ్ముతున్నారు? ఒక్కో దానిపై ఎంత మిగులుతోంది? నా డబ్బు వస్తే ఏం మారుతుంది? ఈ మూడింటికి జవాబు లేని చోట ఎంత గొప్ప చరిత్రా అక్కరకు రాదు.

ఈ సంగతి మన మెట్ట రైతుకు కొత్తేమీ కాదు. కలిగిరి, డీసీ పల్లి పొగాకు వేలం కేంద్రాల్లో బేళ్లు వరుసగా పేర్చి ఉంటాయి. కొనుగోలుదారు ఆ వరుస వెంట నడుస్తూ ఆకు రంగు చూసి, చేత్తో నలిపి, క్షణాల్లో ధర పలుకుతాడు. అక్కడ రైతు ఉపన్యాసమివ్వడు. ఆకే మాట్లాడుతుంది. క్యూరింగ్ ఎలా చేశారో, గ్రేడు ఎలా వేరుచేశారో, బేలు ఎలా కట్టారో అన్నీ ఆ క్షణంలోనే బయటపడతాయి. ఇన్వెస్టర్ ముందు చేసే పిచ్ కూడా అలాంటిదే. 2015లో డాక్‌సెండ్ అనే సంస్థ, హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ టామ్ ఐసెన్‌మన్ కలిసి 200 స్టార్టప్‌ల పిచ్ డెక్‌లను, అంటే పెట్టుబడి అడగడానికి చూపే స్లయిడ్లను, పరిశీలించారు. ఒక్కో డెక్ మీద ఇన్వెస్టర్లు పెట్టిన సమయం సగటున 3 నిమిషాల 44 సెకన్లు. నెలల తరబడి పడ్డ కష్టాన్ని అంచనా వేయడానికి వాళ్లు తీసుకునేది అంతే.

అందుకే పిచ్ అంటే మాటకారితనం కాదు. అప్పటికే చేసి చూపిన పనికి లెక్క అప్పజెప్పి, ఇకముందు చేయబోయే పనికి కావలసింది అడగడం. ‘మాటలు కోటలు దాటినా కాళ్లు గడప దాటవు’ అని మనవాళ్లు ఊరికే అనలేదు. అలాగని నోరు మెదపకుండా కూర్చున్నా పని జరగదు. అడగందే అమ్మైనా పెట్టదు. చేసిన పనిని, అడిగే మాటను ఒకచోట కలపడమే ఇక్కడ నేర్చుకోవాల్సిన విద్య.

ఆత్మకూరుకు ఈ విద్యతో ఒక అనుబంధం కూడా ఉంది. 2014లో, 2019లో ఇక్కడి నుంచి శాసనసభకు గెలిచిన మేకపాటి గౌతమ్‌రెడ్డి రాష్ట్ర పరిశ్రమలు, ఐటీ శాఖల మంత్రిగా 2022 ఫిబ్రవరిలో దుబాయ్ ఎక్స్‌పోకు వెళ్లి, రాష్ట్రానికి పెట్టుబడులు పెట్టమని పారిశ్రామికవేత్తలతో మాట్లాడి వచ్చారు. తిరిగొచ్చిన వెంటనే, ఫిబ్రవరి 21న, గుండెపోటుతో కన్నుమూశారు. రాష్ట్రాలు సైతం తమ భూమిని, నీటిని, రేవులను, మనుషులను లెక్కగా చూపి పెట్టుబడి అడుగుతున్న కాలమిది. ఊళ్లో కుర్రాడు అడగడానికి సిగ్గుపడాల్సిన అవసరమే లేదు.

ముందు తేల్చుకోవాల్సింది: అప్పా, వాటానా?

పిచ్ తయారుచేసే ముందు ఒక నిర్ణయం తీసుకోవాలి. మీ వ్యాపారానికి నిజంగా ఇన్వెస్టర్ కావాలా? చాలామంది ఇక్కడే తడబడతారు.

బ్యాంకుకు వడ్డీ, వాయిదా కావాలి. వ్యాపారం నిలకడగా నడిస్తే బ్యాంకుకు చాలు. ఇన్వెస్టర్‌కు వడ్డీ అక్కర్లేదు, వాటా కావాలి. ఆ వాటా కొన్నేళ్లలో ఎన్నో రెట్లు పెరగాలి. ఆయన డబ్బు పెట్టిన పది కంపెనీల్లో సగానికి పైగా మూతపడొచ్చు. ఆ నష్టమంతా మిగిలిన ఒకటి రెండు కంపెనీలే పూడ్చాలి. వెంచర్ ఫండ్‌కు సాధారణంగా పదేళ్ల గడువుంటుంది. ఆలోపు వాటా అమ్ముకుని తమకు డబ్బిచ్చినవాళ్లకు తిరిగి చెల్లించాలి. కాబట్టి మీ వ్యాపారం బాగుందా లేదా అన్నదాని కన్నా అది ఎంత పెద్దదవుతుందన్నదే ఆయనకు ముఖ్యం.

పది మంది పనివాళ్లతో చెంచాలు చేసి, ఏటా నాలుగైదు లక్షలు మిగుల్చుకునే కార్ఖానా మంచి వ్యాపారం. దానికి ఇన్వెస్టర్ అక్కర్లేదు. ముద్ర రుణం ఉంది. ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం కింద తయారీ యూనిట్‌కు 50 లక్షల రూపాయల ప్రాజెక్టు దాకా రుణం, దానిపై రాయితీ ఉన్నాయి. మహిళలకు పొదుపు సంఘాల ద్వారా బ్యాంకు లింకేజీ ఉంది. ఇలాంటి వ్యాపారానికి వాటా అమ్మితే రెండు వైపులా ఇబ్బందే. వాళ్లు కోరిన వేగం మీరు అందుకోలేరు, మీరు కోరిన నిదానాన్ని వాళ్లు ఒప్పుకోరు.

అదే చెంచాతో దేశమంతా అమ్ముడయ్యే వంటింటి సామాన్ల బ్రాండ్ కట్టాలనుకుంటే అప్పుడు అది ఇన్వెస్టర్ దగ్గరికి తీసుకెళ్లే ఆలోచన. పిచ్ మొదలయ్యేది ఇక్కడే.

ముందు టికెట్ అమ్మారు, తర్వాతే పెట్టుబడి అడిగారు

2005 దీపావళి. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఫణీంద్ర సామాకు పండక్కి హైదరాబాద్ రావడానికి బస్ టికెట్ దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లున్నాయో ఏ ఏజెంటూ పూర్తిగా చెప్పలేడని అప్పుడు తెలిసింది. నిజామాబాద్ జిల్లా పల్లెలో పుట్టి, బిట్స్ పిలానీలో చదివిన ఫణీంద్ర, తన స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టారు.

వాళ్ల మొదటి ఆలోచన బస్ ఆపరేటర్లకు సాఫ్ట్‌వేర్ అమ్మడం. ఆపరేటర్లు ఆసక్తి చూపలేదు. వాళ్లకు కావాల్సింది కంప్యూటర్ ప్రోగ్రామ్ కాదు, సీట్లు నిండడం. అది అర్థమయ్యాక స్నేహితులు తామే టికెట్లు అమ్మడం మొదలుపెట్టారు. ఏ రూటుకు ఎక్కువ గిరాకీ ఉంది, ప్రయాణికుడు ఎందుకు కొంటున్నాడు, కమీషన్ ఎంత మిగులుతోంది అన్నవన్నీ చేతికొచ్చిన లెక్కలయ్యాయి. పారిశ్రామికవేత్తల సంఘమైన టై సంస్థ బెంగళూరు విభాగం ద్వారా అనుభవజ్ఞుల సలహాలు తీసుకున్నారు. ఆ తర్వాతే, 2007లో సీడ్‌ఫండ్ అనే పెట్టుబడి సంస్థ నుంచి తొలి పెట్టుబడి వచ్చింది. 2013లో ఇబిబో గ్రూపు ఆ కంపెనీని కొనేసింది.

ఇందులో మనం పట్టుకోవాల్సిన క్రమం ఒకటుంది. కొనేవాడి దగ్గరికి వెళ్లారు, కాదన్న మాట విన్నారు, అమ్మే పద్ధతి మార్చారు, అమ్మి చూపారు, ఆ తర్వాత పెట్టుబడి అడిగారు. ఉదయగిరి కుర్రాడికీ ఇదే వరుస. డెక్ రాయడం కన్నా ముందు చెన్నై, తిరుపతి, బెంగళూరుల్లో కొన్ని దుకాణాలకు, కొన్ని హోటళ్లకు సరుకు పంపి చూడాలి. తిరిగొచ్చిన చెంచాలు ఎన్ని? ఎందుకు తిరిగొచ్చాయి? పిడి విరిగిందా, తడికి నల్లబడిందా, ధర ఎక్కువనిపించిందా? ఈ జవాబులు రాసుకున్న నోటు పుస్తకమే మీ పిచ్‌కు మొదటి ప్రతి.

పది పేజీలు, ఇరవై నిమిషాలు

అమెరికాలో పెట్టుబడిదారుగా పేరు తెచ్చుకున్న గై కవాసాకి ఒక కొలత చెప్పారు. పిచ్‌లో పది స్లయిడ్లు దాటకూడదు, ఇరవై నిమిషాలు మించకూడదు, అక్షరాల సైజు 30 పాయింట్ల కన్నా తగ్గకూడదు. అక్షరం పెద్దదైతే చోటు తగ్గుతుంది. చోటు తగ్గితే ముఖ్యమైన మాటే మిగులుతుంది. ఇక ఆ పది పేజీల్లో ఏముండాలో ఉదయగిరి చెంచానే ఉదాహరణగా చూద్దాం.

మొదటిది సమస్య. ఎవరికి ఏం ఇబ్బంది ఉంది? ఇక్కడ చాలామంది ఒక వల్లో చిక్కుకుంటారు. 2022 జులై 1 నుంచి దేశంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలు, ఫోర్కులు, స్ట్రాలను నిషేధించారు. ‘ప్లాస్టిక్ పోయింది, ఆ స్థలమంతా మాదే’ అని పిచ్‌లో రాయాలనిపిస్తుంది. ఇన్వెస్టర్ వెంటనే అడుగుతాడు: ఐస్‌క్రీమ్‌తో ఇచ్చే చెక్క పుల్ల మిషన్ మీద లక్షల్లో తయారవుతుంది, రూపాయి కూడా పడదు. చేత్తో చెక్కిన మీ చెంచా ఆ ధరకు వస్తుందా? రాదు. అది ఒకసారి వాడి పారేసేది కానే కాదు, ఏళ్ల తరబడి వాడుకునేది. కాబట్టి మీ కొనుగోలుదారు ఐస్‌క్రీమ్ బండి కాదు. నాన్‌స్టిక్ పాత్రలు గీతలు పడకుండా వాడుకోవాలనుకునే ఇల్లాలు, పెళ్లికి కానుక వెతికే బంధువు, బల్ల మీద అందం కోరుకునే రిసార్టు. ఈ ముగ్గురిలో మొదట ఎవరికి అమ్ముతారో తేల్చి చెప్పాలి. అందరికీ అమ్ముతాం అన్నారంటే ఎవరికి అమ్మాలో ఇంకా తెలియదనే ఇన్వెస్టర్ అర్థం చేసుకుంటాడు.

రెండోది మీ సరుకు. దాన్ని చేతిలో పెట్టాలి. స్లయిడ్ మీద ఫొటో కన్నా బల్ల మీద చెంచా మేలు. ఇన్వెస్టర్ దాన్ని పట్టుకుని తిప్పి చూస్తున్నప్పుడు మీరు మాట్లాడకుండా ఉండడం కూడా పిచ్‌లో భాగమే.

మూడోది మార్కెట్. ‘దేశంలో 140 కోట్ల మంది ఉన్నారు, ఒక్క శాతం కొన్నా చాలు’ అనే లెక్కను ఎవరూ నమ్మరు. కింది నుంచి పైకి కట్టాలి. ఒక్క బెంగళూరులో మీలాంటి సరుకు అమ్మే దుకాణాలు ఎన్ని, ఒక్కోటి నెలకు ఎన్ని సెట్లు తీసుకుంటుంది, అలాంటి నగరాలు ఎన్ని. మీరు నడిచి లెక్కపెట్టిన అంకె చిన్నదైనా సరే, నమ్మకం దానివల్లే పుడుతుంది.

నాలుగోది పోటీ. పోటీ లేదని చెప్పకండి. స్టీలు గరిటె మీకు పోటీ, ఇతర రాష్ట్రాల చెక్క సామాన్లు మీకు పోటీ, ఏమీ కొనకుండా ఊరుకోవడం కూడా పోటీయే.

అయిదోది ముడిసరుకు. ఈ వ్యాపారంలో గుండెకాయ ఇదే. కలప ఎక్కడి నుంచి వస్తుంది? అటవీ శాఖ అనుమతి ఉందా? నెలకు మూడొందల సెట్లకు సరిపోయే కలప రెండు వేల సెట్లకూ దొరుకుతుందా? చెట్లు తరిగిపోతే ఏం చేస్తారు? రైతుల గట్ల మీద ఆ చెట్లు పెంచే ఆలోచన ఉందా? ఈ ప్రశ్న ఇన్వెస్టర్ అడగకముందే మీరే ఎత్తి జవాబిస్తే ఆ గదిలో మీ మాటకు విలువ పెరుగుతుంది. తన వ్యాపారానికి దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలిసినవాడి చేతిలోనే డబ్బు పెట్టాలనిపిస్తుంది.

ఆరోది మనుషులు. ఎవరు చేస్తారు, ఎవరు అమ్ముతారు, లెక్కలు ఎవరు చూస్తారు? చెక్కే కుటుంబాలకు ఈ కంపెనీలో చోటేమిటి, రోజు కూలా, సెట్టుకింతా, వాటానా? వాళ్ల చేతుల మీదే కంపెనీ నిలబడుతుంది కనుక ఇది దయకు సంబంధించిన విషయం కాదు, వ్యాపార ప్రశ్న. మిగిలిన పేజీలు లెక్కలు, అడిగే మొత్తం, దాన్ని ఖర్చుపెట్టే తీరు.

ఒక్క పెట్టె లెక్క

ఇది ఊహాలెక్క. మీ అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే. ఆరు చెంచాల కానుక పెట్టెను ఆన్‌లైన్‌లో 900 రూపాయలకు అమ్ముతున్నారనుకుందాం. పనివాళ్లకు 300, కలపకు 60, మెరుగుకూ పెట్టెకూ 90, కొరియర్‌కు 90, అమ్మిపెట్టిన వెబ్‌సైట్ కమీషన్ 135, విరిగినవీ వాపసు వచ్చినవీ కలిపి 25. మొత్తం 700. పెట్టెకు 200 మిగిలింది.

బాగుందనిపిస్తుంది. కానీ ఆ కొనుగోలుదారుకు మీ పేరు తెలియడానికి ప్రకటనకు 250 ఖర్చయితే మొదటి అమ్మకంలో 50 నష్టం. అదే మనిషి రెండోసారి ప్రకటన అక్కర్లేకుండా కొంటే 200 వస్తుంది. రెండూ కలిపితే 150 లాభం. అంటే ఈ వ్యాపారం బతకడం, బతకకపోవడం ‘మళ్లీ కొంటున్నారా’ అన్న ఒక్క ప్రశ్న మీద ఉంది. వందమందిలో ఎంతమంది మళ్లీ కొన్నారో మీ దగ్గర రాసి ఉంటే పిచ్‌లో అదే అన్నిటికన్నా బలమైన పేజీ.

అదే పెట్టెను హోటళ్లకు 700 చొప్పున నేరుగా ఇస్తే ప్రకటనా కమీషనూ ఉండవు. ప్యాకింగ్, రవాణా తగ్గి ఖర్చు 450కి దిగిందనుకుందాం. 250 మిగులుతుంది. అయితే హోటల్‌వాళ్లు రెండు నెలల అరువు అడుగుతారు. నెలకు వంద పెట్టెలంటే 45,000. రెండు నెలలకు 90,000 రూపాయలు మీ జేబులోంచి బయట తిరుగుతుంటాయి. లాభం కాగితం మీద ఉన్నా పనివాళ్లకు కూలీ ఇవ్వడానికి చేతిలో పైసా ఉండదు. ఎన్నో మంచి వ్యాపారాలు మునిగేది ఇక్కడే. ఈ రెండు దారుల తేడాను నోటి మీద చెప్పగలిగితే మీరు ఏ ఎంబీఏకూ తీసిపోరు.

కథ తలుపు తీస్తుంది, లెక్క లోపల కూర్చోబెడుతుంది

మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా పుట్టుకతోనే అంధుడు. పదో తరగతి తర్వాత సైన్స్ చదవడానికి కోర్టుకెళ్లి అనుమతి సాధించాడు. అమెరికాలో ఎంఐటీలో చదివి వచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. వక్క పట్టలతో పర్యావరణానికి హాని చేయని పళ్లాలు చేయడం, వికలాంగులకు పని ఇవ్వడం ఆ సంస్థ ప్రత్యేకత. రవి మంతా తొలి దశలోనే పెట్టుబడి పెట్టి వెన్నంటి నిలిచారు. తర్వాత రతన్ టాటా కూడా పెట్టుబడి పెట్టారు.

శ్రీకాంత్ జీవితం ఎవరినైనా కదిలిస్తుంది. 2024లో సినిమా కూడా వచ్చింది. కానీ ఒక కంపెనీ ఏళ్ల తరబడి నిలబడాలంటే సరుకు అమ్ముడుపోవాలి, కొన్నవాళ్లు మళ్లీ రావాలి. మీ కథ నిజమైనదైతే తప్పకుండా చెప్పండి, రెండు నిమిషాల్లో ముగించండి. మీ కష్టాన్ని చూసి జాలిపడి ఇచ్చే డబ్బు ఒక్కసారే వస్తుంది. మీ లెక్క చూసి ఇచ్చే డబ్బు మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇంకా అమ్మకాలే మొదలుకాని వ్యాపారమైతే? దానికీ మన దగ్గరే ఉదాహరణ ఉంది. ఇస్రోలో పనిచేసిన పవన్‌కుమార్ చందన, నాగభరత్ డాకా 2018లో హైదరాబాద్‌లో స్కైరూట్ ఏరోస్పేస్ స్థాపించారు. ప్రైవేటు కంపెనీ రాకెట్ కడుతుందంటే నమ్మేవాళ్లు తక్కువగా ఉన్న రోజులవి. తొలి పెట్టుబడి మింత్రా వ్యవస్థాపకుడు ముకేశ్ బన్సల్ పెట్టారు. వాళ్లు రాకెట్ మొత్తానికి ఒకేసారి డబ్బు అడగలేదు. ఇంజిన్ కట్టారు, 2020లో మండించి పరీక్షించి చూపారు. 2021లో 1.1 కోట్ల డాలర్లు వచ్చాయి. 2022లో సింగపూర్‌కు చెందిన జీఐసీ ఆధ్వర్యంలో మరో 5.1 కోట్ల డాలర్లు వచ్చాయి. 2022 నవంబర్ 18న వారి విక్రమ్-ఎస్ రాకెట్ శ్రీహరికోట నుంచి నింగికెగిరింది. దేశంలో ఒక ప్రైవేటు సంస్థ కట్టిన రాకెట్ ఎగరడం అదే మొదటిసారి. అమ్మకం లేని చోట పరీక్షే సాక్ష్యం. ఒక మెట్టు ఎక్కి చూపి, తర్వాతి మెట్టుకు కావాల్సినంత అడగడమే వాళ్లు పాటించిన క్రమం.

పాలతో మొదలై షేర్ మార్కెట్ దాకా

పెట్టుబడి పెట్టినవాడు ఎప్పుడు, ఎలా బయటికి వెళ్తాడన్నది కొత్తవాళ్లు మర్చిపోయే సంగతి. దీనికి మన జిల్లాలో పుట్టిన దొడ్ల డెయిరీ మంచి పాఠం. నెల్లూరు కుటుంబానికి చెందిన దొడ్ల సునీల్‌రెడ్డి 1995లో ఈ సంస్థను స్థాపించారు. పల్లెల్లో పాలు సేకరించి, చల్లబరిచి, పట్టణాలకు చేర్చే వ్యాపారమది. పాడి గేదె మన మెట్ట రైతుకు కరువులో కూడా చేయూతనిచ్చేది. ఆ పాలకే అంతర్జాతీయ పెట్టుబడి వచ్చింది. 2017లో టీపీజీకి చెందిన రైజ్ ఫండ్ ఇందులో వాటా తీసుకుంది. 2021 జూన్‌లో కంపెనీ పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. ఇష్యూ పరిమాణం 520 కోట్ల రూపాయలు. టీపీజీ సంస్థ తన వాటాలో కొంత అప్పుడే అమ్ముకుంది.

ఇన్వెస్టర్ ఎదురుచూసే రోజు అదే. షేర్ మార్కెట్‌లోనో, పెద్ద కంపెనీకో, తర్వాత వచ్చే మరో ఇన్వెస్టర్‌కో తన వాటా అమ్ముకునే రోజు. మీ పిచ్‌లో ఆ దారి కనిపించాలి. పాలు పెద్దగా ఆకర్షణ ఉన్న సరుకేమీ కాదు. సేకరణ కేంద్రాలు, చల్లబరిచే యంత్రాలు, వేళకు డబ్బు అందే రైతులు. అది మెట్టుమెట్టుగా పెరిగిన పని. పెద్ద డబ్బు వెతుక్కుంటూ వచ్చింది ఆ క్రమాన్నే.

ఎంత అడగాలి? ఎంత ఇవ్వాలి?

‘ఎంతైనా పర్వాలేదు సార్, మీ దయ’ అన్నారో, అక్కడితో పిచ్ అయిపోయినట్టే. ఒక అంకె చెప్పాలి, దాని వెనక లెక్క ఉండాలి. 40 లక్షలు అడిగి 10 శాతం వాటా ఇస్తామంటే, పెట్టుబడి వచ్చాక మీ కంపెనీ విలువ 4 కోట్లు అని మీరు అంటున్నట్టు. పెట్టుబడికి ముందు 3 కోట్ల 60 లక్షలు. ఆ విలువ ఎందుకో చెప్పగలగాలి. ఆ 40 లక్షల్లో కలప ఆరబెట్టే ఏర్పాటుకూ యంత్రాలకూ 14 లక్షలు, కొత్తవాళ్లకు పని నేర్పడానికి 10 లక్షలు, అమ్మకాలకు 9 లక్షలు, చేతి నిల్వ 7 లక్షలు అని విడగొట్టాలి. ఏడాదిన్నరలో నెలకు 300 పెట్టెల నుంచి 2,000 పెట్టెలకు చేరతామని మైలురాయి చెప్పాలి.

వాటా ఇచ్చేటప్పుడు రేపటిని కూడా చూసుకోవాలి. ఇప్పుడు 10 శాతం ఇచ్చి, తర్వాతి విడతలో 20 శాతం ఇస్తే మీకు మిగిలేది 70 కాదు, 72 శాతం. ఎందుకంటే రెండోసారి కోత 90లో పడుతుంది. మొదటి విడతలోనే 40 శాతం ఇచ్చేస్తే తర్వాత వచ్చే ఇన్వెస్టర్, నడిపేవాళ్లకు ఇందులో ఏం మిగిలిందని వెనకాడతాడు.

కాగితాలు ముందే సిద్ధంగా ఉండాలి. కంపెనీ రిజిస్ట్రేషన్, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, భాగస్వాముల మధ్య రాతపూర్వక ఒప్పందం. స్నేహితుడే కదా అని నోటిమాటతో వదిలేసిన వాటాలే తర్వాత పెట్టుబడి రాకుండా అడ్డుపడతాయి. సంతకం పెట్టే ముందు ఆ ఒప్పందం చదవగలిగిన వకీలుకు చూపించండి. ‘పెట్టుబడి ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి’ అనే మధ్యవర్తులకు దూరంగా ఉండండి. నిజంగా పెట్టుబడి పెట్టేవాడు మీకు డబ్బిస్తాడు కానీ, మీ దగ్గర పుచ్చుకోడు.

నిమిషంలో చెప్పాల్సి వస్తే

ఏ సభలోనో, లిఫ్టులోనో, టీ దగ్గరో ఇన్వెస్టర్ కనిపిస్తే దొరికేది ఒక్క నిమిషం. అప్పుడు మాట ఇలా ఉండొచ్చు. ఇందులోనివీ ఊహించిన అంకెలే.

‘నమస్కారం సార్. మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి. మా ఊరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. 12 కుటుంబాలతో కలిసి నెలకు 300 పెట్టెలు అమ్ముతున్నాం. పెట్టెకు 200 మిగులుతోంది. కొన్న వందమందిలో 30 మంది మళ్లీ కొన్నారు. ఆర్డర్లు ఇంకా ఉన్నాయి కానీ కలప ఆరబెట్టే వసతి లేక చేయలేకపోతున్నాం. ఆ వసతికీ, కొత్తవాళ్లకు పని నేర్పడానికీ, అమ్మకాలకూ కలిపి 40 లక్షలు కావాలి. అరగంట సమయమిస్తే సరుకూ లెక్కలూ చూపిస్తాను.’

ఇందులో ఊరుంది, సరుకుంది, అమ్మకం ఉంది, అడ్డంకి ఉంది, అడిగే మొత్తం ఉంది. తెచ్చిపెట్టుకున్న మాట ఒక్కటీ లేదు. ఇంగ్లిషు కూడా లేదు. తెలుగు ఇన్వెస్టర్లు చాలామంది ఉన్నారు. 2023లో ఓటీటీ సంస్థ ఆహా, మహిళల కోసం నడిచే వీ హబ్ కలిసి చేసిన ‘నేను సూపర్ ఉమన్’ కార్యక్రమంలో మహిళలు తెలుగులోనే పిచ్ చేసి పెట్టుబడి అడిగారు. తడబడుతూ ఇంగ్లిషులో చెప్పేకన్నా తెలిసిన భాషలో సూటిగా చెప్పడమే మేలు. డెక్ మాత్రం రెండు భాషల్లోనూ పెట్టుకోండి.

ప్రశ్నలు మొదలయ్యాక తెలియనిది అడిగితే ‘తెలియదు సార్, ఎల్లుండిలోగా కనుక్కుని పంపిస్తా’ అనండి. చెప్పినట్టే పంపండి. మాట మీద నిలబడే మనిషని ఇన్వెస్టర్ గుర్తుపెట్టుకునేది అలాంటి చోటే. కాదన్నవాళ్లను కారణం అడగండి. ముగ్గురు ఒకే కారణం చెబితే అది వాళ్ల అభిప్రాయం కాదు, మీ వ్యాపారంలోని లోటు. దాన్ని సరిదిద్దుకుని, మూడు నెలలకోసారి మీ అమ్మకాల లెక్కను రెండు పేరాల్లో వాళ్లకే పంపుతూ ఉండండి. ఇవాళ కాదన్నవాడు ఏడాది తర్వాత పిలిచిన సందర్భాలు ఈ రంగంలో బోలెడు.

తలుపులు ఎక్కడున్నాయి?

నేరుగా పెద్ద ఫండ్ దగ్గరికే వెళ్లక్కర్లేదు. స్టార్టప్ ఇండియా గుర్తింపు ఉన్న కంపెనీలకు 2021లో మొదలైన సీడ్ ఫండ్ పథకం కింద ఎంపికైన ఇంక్యుబేటర్ల ద్వారా నమూనా తయారీకి 20 లక్షల దాకా గ్రాంటు, మార్కెట్‌లోకి వెళ్లడానికి 50 లక్షల దాకా రుణ రూపంలో సాయం అందేలా ఏర్పాటు చేశారు. అలాంటి సాయానికీ ఒక కమిటీ ముందు పిచ్ చేయాలి. మంచి అభ్యాసం అది. 2025 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌ను ప్రారంభించింది. దానికి తిరుపతిలోనూ కేంద్రం ఉంది. హైదరాబాద్‌లో 2015 నుంచి టీ-హబ్, 2018 నుంచి మహిళల కోసం వీ హబ్ నడుస్తున్నాయి. జులై 2024 కేంద్ర బడ్జెట్‌లో స్టార్టప్ పెట్టుబడులపై వేసే ఏంజెల్ ట్యాక్స్ ఎత్తేశారు. దాంతో తొలి దశ కంపెనీల్లో డబ్బు పెట్టేవాళ్లకూ తీసుకునేవాళ్లకూ ఒక పెద్ద తలనొప్పి పోయింది.

ఉదయగిరి నుంచి నెల్లూరుకు వంద కిలోమీటర్ల దారి. అక్కడి నుంచి హైదరాబాద్, చెన్నై, బెంగళూరు మరింత దూరం. మెట్ట ప్రాంతపు పిల్లలు చదువుకుని ఆ దూరాలకు ఉద్యోగాలకు వెళ్తున్నారు. వాళ్లలో కొందరైనా ఇక్కడి సరుకుతో, ఇక్కడి చేతులతో కంపెనీలు కడితే పొగాకు, నిమ్మ, పాలు, చెక్కపని మీద వచ్చే ఆదాయంలో పెద్ద వంతు ఇక్కడే మిగులుతుంది. దానికి ఊరు అడ్డం కాదు, భాష అడ్డం కాదు. చేసిన పనికి రాసిపెట్టుకున్న లెక్క లేకపోవడమే అసలు అడ్డం. ఆ లెక్క ఎవరి అనుమతీ అక్కర్లేకుండా మొదలుపెట్టొచ్చు.

ఇన్వెస్టర్ల చిరునామాలు వెతకడం తర్వాత సంగతి. ముందు మీ సరుకు కొనగల ముగ్గురికి ఫోన్ చేయండి. ఒక్కరైనా డబ్బిచ్చి కొంటే తేదీ, ధర, మిగులు ఒక పుస్తకంలో రాయండి. మీ పిచ్‌లో మొదటి పేజీ అదే.